మధ్యేమార్గానికి మార్కులు

ఏ వాక్యం రాసినా ముందు అది నాకు మా అక్క గొంతులో వినిపిస్తుంది. ఈ వాక్యం కూడా అంతే. ఆఫీసులో ఫైలు మీద నోటు రాసినా, ఫోన్లో ఎవరికైనా పుట్టినరోజు శుభాకాంక్షలు కొట్టినా, వెనకాల నిలబడి పైకి చదువుతుంది. మామూలుగా చదవదు. సాగదీసి, దీర్ఘాల దగ్గర ఆగి ఆగి, వెక్కిరిస్తూ చదువుతుంది. చదివి, "ఊఁ, అయితే ఏంటంట?" అంటుంది. అక్క చనిపోయి కొన్నేళ్లయింది.

దయ్యం అనుకునేరు. మా ఇంట్లో దయ్యాల మాటెత్తితే ఊరుకోరు. మాది లూథరన్ కుటుంబం. మా అమ్మ ఎలిమెంటరీ స్కూల్లో టీచరుగా చేసి రిటైరైన మనిషి. దయ్యం అన్నామంటే ముందు బెత్తం, తర్వాత ప్రార్థన. అందుకని ఇది దయ్యం కాదనే నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. భయం మాత్రం అచ్చంగా ఆ భయమే. రాయడానికి కూర్చుంటే వీపు చల్లబడుతుంది.

అక్క నాకు నేర్పింది ఒక్కటే విద్య. గ్రూప్ వన్ మెయిన్స్‌లో మార్కులు పడేలా జవాబు రాయడం. తను రెండుసార్లు ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చింది. రెండోసారి వచ్చిన రోజున పుస్తకాలన్నీ తెచ్చి నా మంచం మీద పడేసింది. "నాకు రాయడమైతే వచ్చు, రాసిపెట్టే లేదు. నీకు రాసిపెట్టి ఉందేమో, రాయడం నేర్పుతాను రా," అంది. నాన్న మా చిన్నప్పుడే పోయారు. రాజమండ్రిలో ఏటిగట్టుకి దగ్గరగా మేడ మీద రెండు గదుల అద్దె వాటాలో మేం ముగ్గురమే ఉండేవాళ్లం. పగలల్లా నేను బల్ల దగ్గర కూర్చుని రాయడం, అక్క వెనకాల నిలబడి చదవడం, అమ్మ వంటింట్లోంచి "దాన్ని ఏడిపించకే" అని కేకేయడం.

నా మొదటి జవాబు నాకింకా గుర్తుంది. ప్రశ్న డెల్టా కాలువల్లో పూడిక గురించి. నేను "ప్రాచీన కాలం నుండి మానవుడు నదీ తీరాలలో నివాసం ఏర్పరచుకొని" అని ఎంతో గంభీరంగా మొదలుపెట్టాను. అక్క చదివి పకపకా నవ్వింది.

"వచ్చాడమ్మా మానవుడు! వాడు ఏట్లో స్నానం చేసి, ఒడ్డెక్కి, నాగరికత నేర్చుకుని, మన కాలువ దాకా వచ్చేసరికి పేపరు లాగేసుకుంటారే మొద్దూ!"

"మరి పరిచయం అక్కర్లేదా?"

"ఎవర్ని పరిచయం చేస్తున్నావు, మానవుణ్ణా? దిద్దే ఆయనకి వాడు తెలుసులే. కాలువ ఎందుకు పూడిందో అది చెప్పు ముందు."

మనవాళ్ల జబ్బే ఇది అనేది అక్క. పక్కింటికి నిచ్చెన కోసం వెళ్తాం. వెళ్లి, పిల్లల చదువులడిగి, మోకాళ్ల నొప్పులడిగి, వాళ్లిచ్చిన కాఫీ తాగి, వాన గురించి మాట్లాడి, గుమ్మం దిగేటప్పుడు వెనక్కి తిరిగి "అన్నట్టు మీ నిచ్చెన ఖాళీగా ఉందాండి" అంటాం. "పరీక్షలో గుమ్మం దిగే టైముండదు. నిచ్చెన ముందు అడుగు," అనేది. అదే మా ఇద్దరి మధ్యా సూత్రమైపోయింది. నా కాగితాల అంచున ఎర్ర సిరాతో "నిచ్చెన!" అని ఒక్క మాట రాసేది. అంటే అసలు విషయం ఆలస్యంగా వచ్చిందని.

మొదటి వాక్యంలోనే జవాబు. తర్వాత కారణాలు, ఒక్కోదానికి ఒక చిన్న శీర్షిక. వీలైతే పక్కన చిన్న బొమ్మ, గౌతమి ఇటు, వసిష్ఠ అటు పాయలుగా గీసి. ఒక స్థానిక ఉదాహరణ. ఒక పథకం. చివర్లో ముందున్న మార్గం. ముగింపులో ఆశ ఉండి తీరాలి. "ఎంత మునిగిపోయినా సరే, ఆఖరి రెండు వాక్యాల్లో తేలాలి," అనేది. ఆవిడ చెప్పినట్టు రాస్తే నాకే తేడా తెలిసేది. అదే విషయం, అదే నేను, జవాబు మాత్రం ఇస్త్రీ చేసినట్టుండేది.

అన్నిటికన్నా నేను కష్టపడింది కేస్ స్టడీల దగ్గర. ఒక చిక్కు పరిస్థితి ఇచ్చి, నువ్వే ఆ అధికారివైతే ఏం చేస్తావని అడిగే ప్రశ్నలవి. అక్క తనే కల్పించి ఇచ్చేది. యానాం నుంచి చవక మందు సీసాలు సంచిలో తెస్తూ ఒక కూలి దొరికాడు. ఇంట్లో భార్య బాలింత. నువ్వు ఎక్సైజ్ అధికారివి. ఏం చేస్తావు? నేను ఒకే వాక్యం రాశాను. వదిలేస్తాను.

"సున్నా," అంది అక్క.

నాకు ఒళ్లు మండింది. "నిచ్చెన ముందడగమంది నువ్వే కదా!"

"అడగమన్నాను గానీ, ఎక్కి దూకమన్లేదు. వదిలేస్తే చట్టం పోయింది. లోపలేస్తే బాలింత పోయింది. రెండూ నిలబడాలి. కేసు రాసుకో, జామీను మీద పంపించు, బాలింతని ఆశా కార్యకర్తకి అప్పజెప్పు, వాడికి ఉపాధి పని చూపించు. దీన్ని మధ్యేమార్గం అంటారు. మార్కులన్నీ దీనికే."

"మధ్యలో దారి లేకపోతే?"

"ఎందుకుండదే? లేకపోతే వేస్తాం. కాగితం మీదే కదా."

ఇంకో మాట కూడా పదే పదే చెప్పేది. కోపంగా రాయకూడదు. కోపానికి మార్కుల్లేవు. ఏ అధికారీ తప్పు చేశాడని రాయకూడదు, "పరిమితులు ఉన్నాయి" అని రాయాలి. ఆ మాట రాయడం నాకు అస్సలు ఇష్టముండేది కాదు. తప్పుని తప్పనకుండా ఈ పరిమితులేంటని పోట్లాడేదాన్ని. "నువ్వు పోట్లాడు, నీ పెన్ను పోట్లాడకూడదు," అనేది అక్క. కొన్నాళ్లకి నా పెన్ను మారిపోయింది. నిజం చెప్పాలంటే నాకది గర్వంగా ఉండేది.

ఇలా నడుస్తుండగానే అక్కకి గ్రామ సచివాలయంలో ఉద్యోగమొచ్చింది. కోనసీమలో ఒక లంక ఊరు. పాయ దాటితే గానీ చేరలేం. అక్కడే చిన్న గది తీసుకుని, శనివారం సాయంత్రం రాజమండ్రి వచ్చి, ఆదివారం చర్చి కాగానే వెళ్లిపోయేది. నా జవాబులు ఫొటో తీసి పంపితే, వాట్సాప్‌లో వాయిస్ పెట్టేది. ఆ వాయిస్‌లలో అక్క ఒక్కతే ఉండేది కాదు. రేవు దాటించే పంటు ఇంజను మోత, పెన్షను కోసం వచ్చిన ముసలమ్మ దగ్గు, ఎవరో "మేడమ్‌గారూ, మా ఆధార్ కలవట్లేదండీ" అనడం, మధ్యలో అక్క "ఉండండి మావయ్యగారూ, ఒక్క నిమిషం" అని చెప్పి మళ్లీ నన్ను తిట్టడం. ఊరు ఊరంతా నా జవాబులు దిద్దుతున్నట్టుండేది.

ఆ ఏడాది వానాకాలంలో గోదావరికి వరద ఎర్రనీళ్లు ఎప్పటికన్నా ఎక్కువొచ్చాయి. ధవళేశ్వరం దగ్గర ఆఖరి హెచ్చరిక కూడా ఎగరేశారు. లంకల్లో జనాన్ని పడవల మీద తెచ్చి గట్టివతల హైస్కూల్లో పెట్టారు. అక్క పని పడవ మీద ఊళ్లోకి వెళ్లి, ఇళ్లు వదలని వాళ్లకి పులిహోర పొట్లాలూ పాల ప్యాకెట్లూ మంచినీళ్లూ ఇచ్చి రావడం. ఫోన్ చేస్తే, "బానే ఉన్నానే, పులిహోర వాసనంటేనే డోకొస్తోంది," అని నవ్వింది.

అప్పటికే ఆవిడకి జ్వరం మొదలైంది. మాకు చెప్పలేదు. పై అధికారికి మాత్రం ఒక మెసేజ్ పెట్టింది. తర్వాత అక్క ఫోన్లో మేం చూశాం. ఇప్పటికీ నాకది కంఠతా వచ్చు.

"నమస్కారమండి. ఉదయం పొట్లాలు అందరికీ అందాయండి. పాలు మటుకు తక్కువొచ్చాయండి. రెండో పడవ ఇంకా రాలేదండి. నాకు కొంచెం నలతగా ఉందండి. పర్వాలేదండి. వీలైతే చూడండి."

నలత. మా వైపు ఆ మాటకి కొలత లేదు. జలుబు చేసినా నలతే, నూట నాలుగు జ్వరమొచ్చినా నలతే. మా తాతయ్య గుండె పట్టుకుని కూలబడ్డ రోజున కూడా నానమ్మ డాక్టరుగారితో "కాస్త నలతగా ఉన్నారండి" అనే చెప్పిందట. జబ్బుని జబ్బనడం ఎదుటివాళ్లని కంగారు పెట్టడమని మావాళ్ల మర్యాద. నలత అన్నవాళ్ల మొహం చూసి ఎంత నలతో మనం తెలుసుకోవాలి. మెసేజ్‌లో మొహం ఉండదు. ఆ అధికారి ఇటు ప్రాంతపు మనిషి కాదు. నలత అంటే ఆయనకి నలతే.

అయినా ఆయన పట్టించుకోకుండా ఏమీ లేడు. అది చెప్పకపోతే అన్యాయమవుతుంది. వెంటనే అక్కని పడవ మీద నుంచి తప్పించాడు. స్కూల్లో ఒక గదిలో కూర్చోబెట్టి, ఎవరికేం అందిందో రాసే తేలిక పని ఇచ్చాడు. ఆరోగ్య కార్యకర్త చేత మాత్రలు పంపించాడు. బదులు మనిషి రాగానే ఇంటికి వెళ్లొచ్చని చెప్పాడు. బదులు మనిషి రాలేదు. అక్క ఆ గదిలోనే, బెంచీల మధ్య పడిపోయింది. డెంగ్యూ అన్నారు. రోడ్డు మునిగి ఉంటే వానలో పడవెక్కించి, అవతల అంబులెన్సు ఎక్కించి, పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది.

ఆ గదిలోంచే నాకు ఆఖరి వాయిస్ పెట్టింది. నా విపత్తు నిర్వహణ జవాబు గురించి. "ఏమే, అంతా బానే ఉంది గానీ ముగింపు నీరసంగా ఉందే. ఆశ ఏదీ? మళ్లీ రాసి పంపు." గొంతు వణుకుతోంది. పడవ ఇంజను అదురు అనుకున్నాను నేను. తర్వాత రోజులన్నీ కలిపి చూసుకుంటే తెలిసింది, ఆ వేళకి అక్క పడవ మీద లేదు. కదలని గదిలో, కదలని కుర్చీలో కూర్చుని మాట్లాడింది. ఆ వాయిస్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. వినను. తీసేయను కూడా.

సమాధి చేశాక పెట్టిన ఆదరణ కూడికకి చర్చి మనుషులంతా మా మేడ మీదకి వచ్చారు. పాస్టరు గారు మంచి మనిషి. "మన సహోదరి ప్రభువునందు నిద్రించింది" అని మొదలుపెట్టారు. ముందు వరసలో కూర్చున్న అమ్మ తలెత్తింది.

"నిద్రపోలేదండి. చచ్చిపోయింది. నా పిల్ల చచ్చిపోయిందండి."

అందరూ బిత్తరపోయారు. అప్పుడు కూడా అమ్మ నోట "అండి" తప్పలేదు. నాకా క్షణంలో అమ్మ మీద జాలీ, మా అందరి మర్యాదల మీద అసహ్యమూ ఒకేసారి వచ్చాయి.

ఆ అధికారి కూడా వచ్చాడు. ప్రార్థన అయ్యేదాకా మెట్ల దగ్గరే నిలబడి, జనం పలచబడ్డాక అమ్మ దగ్గరికి వచ్చాడు. చాలా చిన్నవాడు, అక్క కన్నా ఒకటి రెండేళ్లు పెద్దేమో. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నలత అన్నారమ్మా. జ్వరం అనలేదు. అయినా పడవ డ్యూటీ తీసేసి తేలిక పని ఇచ్చాను. మాత్రలు పంపించాను. మనిషి దొరకగానే పంపించేద్దామనుకున్నాను."

అమ్మ ఆయన్ని తిట్టలేదు. కుర్చీ చూపించి కూర్చోమంది. కూర్చున్నాక అడిగింది. "ఒక్క పని చేస్తారా బాబూ? ఆ పిల్లని ఇంటికి పంపించి ఉండాల్సింది అని ఒక కాగితం మీద రాసి ఇస్తారా? ఎవరికీ చూపించను. నాకు కావాలి."

"అమ్మా, నాకున్న పరిమితుల్లో..." అన్నాడు.

ఆ మాట వినగానే నాకు ఒళ్లు జలదరించింది. ఆయన కూడా మెయిన్స్ రాసినవాడే. ఎవరో ఆయన వెనకాల కూడా నిలబడి నేర్పి ఉంటారు. ఆయన కాగితం రాయలేదు. పైనుంచి వచ్చిన కాగితంలో "విధి నిర్వహణలో ఉండగా అనారోగ్యంతో మరణించారు" అని ఉంది. అమ్మ దాన్ని చదివి మడిచి పక్కన పెట్టింది. "ఎవరూ ఏమీ చేయనట్టు రాశారే. దానంతట అదే చచ్చిపోయినట్టు రాశారు," అంది. ఏళ్ల తరబడి పిల్లల పలకలు దిద్దిన మనిషి. రాసి ఉంటేనే అది జరిగినట్టు అమ్మకి. ఎక్కడో ఒకచోట, ఎవరో ఒక అధికారి, ఇంటికి పంపించాలి అని రాయాలి. ఆ ఒక్క వాక్యం కోసం అమ్మ బతుకుతోందని నాకు అర్థమైంది.

నా కోపం మాత్రం ఆయన మీద కాదు. అక్క మీద. చచ్చేంత కోపం. కాలువలో పూడిక గురించి రాస్తేనే నిచ్చెన ముందడగమన్న మనిషివి, నీ ప్రాణం దగ్గరికొచ్చేసరికి పొట్లాలూ పాలూ రెండో పడవా అన్నీ చెప్పి గుమ్మం దిగేటప్పుడా అడుగుతావు? దానికి మళ్లీ "పర్వాలేదండి" ఒకటా? ఎవరికి పర్వాలేదే? ఆ మెసేజ్‌కి ఎర్ర సిరాతో అంచున రాయాలనిపించేది. ఒంటరిగా ఉన్నప్పుడు అక్కని పైకే తిట్టేదాన్ని. తిట్టి తిట్టి ఏడ్చేదాన్ని.

పరీక్ష మానేస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. "నువ్వు ఆఫీసరువవ్వాలి. అయ్యి, ఆ మాట నువ్వు రాయి," అంది. అలా మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాను. కూర్చున్న మొదటి రోజే అక్క వచ్చేసింది. పెన్ను కాగితానికి ఆనిందో లేదో, నా వాక్యం నా వెనకనుంచి, సాగదీసిన గొంతుతో. చటుక్కున తిరిగి చూశాను. దండెం మీద తువ్వాలు తప్ప ఏమీ లేదు. కుర్చీ లాక్కెళ్లి గోడకి ఆనించి కూర్చున్నాను, వెనకాల నిలబడే చోటే లేకుండా. అప్పుడు గోడలోంచి వినిపించింది.

ఒక మధ్యాహ్నం అమ్మ వంటింట్లోంచి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడిపోయింది. చేతిలో గరిటె ఉంది. మొహం పాలిపోయింది.

"ఎవరే మాట్లాడుతుంది?"

"ఎవరూ లేరమ్మా. నేనే చదువుకుంటున్నాను."

"నీ గొంతు కాదే అది," అంది అమ్మ. లోపలికి రాలేదు. కాసేపు అక్కడే నిలబడి, "ఇంకొంచెం చదువు," అని మెల్లగా అడిగింది. నేను చదవలేకపోయాను.

అలాగని ఆ గొంతుని వదిలించుకోవాలని నేను గట్టిగా ప్రయత్నించిందీ లేదు. దాని వల్ల నా జవాబులు బాగుపడ్డాయి. అక్క బతికున్నప్పుడు రాసినదానికన్నా బాగా రాశాను. భయపడుతూనే రాశాను. మానవుడు మళ్లీ రాలేదు, కోపం రాలేదు, ప్రతి ముగింపులోనూ ఆశ ఉంది.

మెయిన్స్‌కి సెంటరు విశాఖపట్నంలో పడింది. అమ్మ నాతో వచ్చింది. రోజూ గేటు దాకా వచ్చి, సాయంత్రం దాకా ఆ చెట్ల కింద ఎక్కడో కూర్చునేది. కేస్ స్టడీలున్న పేపరు రోజున ఒక ప్రశ్న దగ్గర నా చూపు ఆగిపోయింది. మీరు వరద సహాయక చర్యల బాధ్యతలో ఉన్న అధికారి. కింది స్థాయి ఉద్యోగి ఒకరు ఒంట్లో బాగోలేదంటూ సెలవు అడిగారు. బదులు సిబ్బంది లేరు. ముంపులో ఉన్నవారికి సహాయం ఆగకూడదు. ఏం చేస్తారు?

వింతేమీ కాదు. వరద మీద ఏదో ఒకటి అడగని ఏడాది ఉండదు, ఇలాంటివి ప్రతి మోడల్ పేపర్లోనూ ఉంటాయి. అయినా కాసేపు నాకు హాల్లో ఏమీ వినపడలేదు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, మోత లేదు. బయట చెట్టు కింద అమ్మ ఉంది. అమ్మకి కావలసిన వాక్యం రాసే చోటు ఇదే, నా చేతిలో పెన్ను ఉంది, నా ఎదుట ఖాళీ కాగితం ఉంది. నాకు తెలుసు, ఏడవడం మొదలుపెడితే ఆ పేపరు పోతుంది. కోపం వస్తే పోతుంది. అక్క వెనకాలే ఉంది. మెడ మీద ఊపిరి తగులుతోంది. "కోపం వద్దు," అంది. "రాయి," అంది. నేను రాశాను. చెయ్యి ఎక్కడా ఆగలేదు. ఒక్క కొట్టివేత లేదు. బయటికొస్తుంటే మనసు తేలిగ్గా ఉంది.

గేటు దగ్గర అమ్మ మంచినీళ్ల సీసా ఇచ్చింది. ప్రశ్న సంగతి చెప్పాను. అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"రాశావా?"

"రాశానమ్మా. చాలా బాగా రాశాను."

అప్పుడు నేను అబద్ధం చెప్పలేదు. రాశాననే అనుకున్నాను.

నెలలు గడిచి ఇంటర్వ్యూ అయి, ఉద్యోగం వచ్చి, మార్కులు తెలిశాయి. ఆ పేపర్లోనే అన్నిటికన్నా ఎక్కువ. చర్చి వాళ్లు వచ్చి అభినందించి వెళ్లారు. వాళ్లు వెళ్లాక అమ్మ చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని నా ఎదురుగా కూర్చుంది.

"ఆ వరద జవాబు చదువు. నీకు గుర్తుండే ఉంటుంది."

గుర్తుండకపోవడమా! అక్షరం పొల్లుపోకుండా వచ్చు. అమ్మ కళ్లు మూసుకుంది, చర్చిలో వాక్యం వినేటప్పటిలాగే. నేను చెప్పాను.

"అధికారిగా నా బాధ్యత రెండు విధాలు. ముంపు బాధితులకు నిరంతర సహాయం, సిబ్బంది సంక్షేమం. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. సదరు ఉద్యోగిని వెంటనే క్షేత్ర విధుల నుండి తప్పించి, సహాయ కేంద్రంలోనే తేలికపాటి నమోదు పని అప్పగిస్తాను. ఆరోగ్య కార్యకర్త ద్వారా ప్రాథమిక చికిత్స, మందులు అందజేస్తాను. పొరుగు మండలం నుండి ప్రత్యామ్నాయ సిబ్బందిని కోరి, వారు చేరిన వెంటనే సెలవు మంజూరు చేస్తాను. పరిమిత వనరుల మధ్య మానవీయతను, కర్తవ్యాన్ని సమన్వయం చేసుకున్నప్పుడే పరిపాలన ప్రజల విశ్వాసాన్ని పొందగలదు."

అమ్మ కళ్లు తెరిచింది.

"అయిపోయిందా?"

"అయిపోయిందమ్మా."

"పంపించేస్తానని లేదేంటే?"

అమ్మ వేళ్లు మడుస్తూ మెల్లగా అంది. "పడవ మీద నుంచి తీసేశాను. తేలిక పనిచ్చాను. మాత్రలిచ్చాను. మనిషి రాగానే పంపిస్తాను. ఇది ఆయన చేసిందే కదే. ఆ రోజు ఇక్కడే ఈ కుర్చీలోనే కూర్చుని ఆయన చెప్పిందే కదే."

ఒళ్లంతా చల్లబడిపోయింది నాకు. అంతవరకూ, దేవుడి సాక్షిగా, నాకు తట్టలేదు. రాసినప్పుడు తట్టలేదు, ఆ తర్వాత ఎన్నిసార్లు మనసులో చదువుకున్నా తట్టలేదు. జవాబు అంత బాగుంది.

"దీనికా మార్కులేశారు?"

"ఆ పేపర్లోనే ఎక్కువొచ్చాయమ్మా."

"ఎవరే నీకిలా రాయడం నేర్పింది?" అని అరిచింది అమ్మ. "ఎవరు నేర్పారు? చెప్పు!"

నా చూపు దానంతటదే నా వెనక్కి, అక్క నిలబడే చోటికి వెళ్లింది. అమ్మ నా మొహంలోకి చూసింది. చూస్తూ చూస్తూ ఉండగా అమ్మ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. తర్వాత రెండు చేతులతో నోరు మూసుకుంది.